వేడి దిగేదాకా

రమణమూర్తి బావ తాళంచెవి తెచ్చి నా పనిబల్ల మీద పడేశాడు. అది దొర్లుకుంటూ స్పానర్ల మధ్యలోకి పోయింది.

"ఈ బండి నీకొదిలీసినాను బావా. ఇప్పుకుంటావో, తుక్కుకి ఇచ్చీసుకుంటావో నీ ఇష్టం. నాను మరి ముట్టుకోను," అన్నాడు.

నాకు ముందు కోపమే వచ్చింది. నా కోపం సంగతి మల్కాపురంలో అందరికీ తెలిసిందే. పొద్దున్నుంచీ ఒక జీపు కింద వెల్లకిలా పడుకుని నడుం పట్టేసి ఉన్నాను. ఒంటినిండా గ్రీజు, పైన రేకులు, మే నెల ఉక్క. అలాంటప్పుడు నా నెత్తిన ఇంకో బండి పెడతానంటే ఎవడికి మండదు?

"ఏటి బావా, పట్టపగలే ఏసీసొచ్చినావేటి?" అన్నాను.

అతను చుక్క ముట్టడు. అది తెలిసే అన్నాను. మామూలుగా అయితే నవ్వి నాకు నాలుగు తగిలించేవాడు. ఇప్పుడు ఒక పాత టైరు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ముసల్ది ఇల్లు సేరనేదు బావా. నా వల్ల సేరనేదు."

బావంటే మా చెల్లెలు గౌరీశ్వరి మొగుడు. అతని బండి ల్యాండ్‌మాస్టర్, అంబాసిడర్‌కి అక్క వరస. దాని ఈడు బళ్లన్నీ ఎప్పుడో తుక్కు కొట్లకి చేరిపోయాయి. ఇది మాత్రం ఉక్కు ఫ్యాక్టరీ కట్టే ఇంజనీర్లను ఎక్కించుకుని, గాజువాక నుంచి ఉక్కునగరం దాకా ఎర్రదుమ్ములో తిరుగుతూ మా చెల్లెలి ఇంట పొయ్యి వెలిగిస్తోంది. పొద్దున చల్లగా ఉంటే ఒక్క సెల్ఫుకి లేస్తుంది. బాగా నడిచి వేడెక్కాక ఆపామా, అంతే సంగతులు. సెల్ఫు గిర్రున తిరుగుతుంది గాని ఇంజను పలకదు. నీడకి నెట్టి, వేడి దిగేదాకా కాచుకుని కూర్చుంటే, అప్పుడు ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఈ రోగం కిందటి వేసవిలో పట్టుకుంది.

బావ మొదటిసారి వచ్చి చెప్పినప్పుడు నేను బోనెట్టు కూడా ఎత్తలేదు. "ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతాది బావా. పంపు మీద తడిగుడ్డ ఏసుకో. ఏడి మీద ఇంజను ఆపకు," అని పంపించేశాను. పాత బళ్ల డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాయే అది. వానల్లో మళ్లీ వచ్చి, "ఇప్పుడెండ నేదు కదా, ఇంకా ఆగిపోతన్నాదేటి?" అని అడిగాడు. "నీకు నడపడం రాదు," అన్నాను. దీపావళి వెళ్లాక ఇంకోసారి అడిగితే, "తడిగుడ్డ సరిగ్గా ఏత్తన్నావా అసలు?" అని కసిరాను. ఆ తరవాత అడగడం మానేశాడు. రోగం నయమైందనుకున్నాను. అతను మానేసింది ఇంజను ఆపడం. ఇంజనీర్లు ఆఫీసులోకి వెళ్లొచ్చేదాకా బయట ఇంజను తిరుగుతూనే ఉండేదట.

టైరు మీద కూర్చుని బావ ఆ రోజు జరిగింది చెప్పాడు. మధ్యమధ్య ఆగిపోతూ చెప్పాడు.

కొండ అవతల సముద్రం ఒడ్డున యారాడలో ఎల్లారావని చేపల వేటకు పోయే మనిషి. వాళ్లమ్మ పోతమ్మ పెద్దాసుపత్రిలో ఉంది. ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. ఎల్లారావు రోడ్డు మీదకు పరిగెత్తుకొచ్చి కనిపించిన బండిని ఆపాడు. అది బావ బండి. ప్రాణం సొంత గుమ్మం లోపల పోవాలి. బయట పోతే ఆ మనిషిని ఇక లోపలికి తీసుకెళ్లరు. ఎన్నేళ్లు ఏలిన ఇల్లైనా సరే, వీధిలోనే పడుకోబెట్టి అటునుంచి అటే సాగనంపుతారు. మా ఊళ్లలోనూ ఇదే పద్ధతి. అందుకే ఎల్లారావు బావతో ఒక్కటే మాట అన్నాడట.

"గుమ్మం దాటించీ బాబూ. ఇంకేటీ ఒద్దు."

సింధియా కూడలి దాటారు. కొండెక్కారు. ఇంకొక్క మలుపు తిరిగితే అవతల అంతా దిగుడే, బండి దానంతటదే యారాడలో దిగుతుంది. సరిగ్గా అక్కడ పోతమ్మ నీళ్లడిగింది. కుదుపుకి నీళ్లు గొంతు దిగడం లేదు. ఎల్లారావు ఆపమన్నాడు.

"ఆపినాను. బావా, నాను ఇంజను కూడా ఆపీసినాను," అన్నాడు బావ.

"ఆపొద్దని సెప్పినాను కదా!"

"సెప్పినావు. ఆ సప్పుడుకి ముసల్ది మూలుగుతన్నాది. నీళ్లు తాగినంతసేపైనా నెమ్మదిగా ఉంటాదని ఆపినాను. నా సెయ్యే ఎల్లి తాళం తిప్పీసినాది."

పోతమ్మ నీళ్లు తాగింది. బండి లేవలేదు. తడిగుడ్డ వేశాడు, లేవలేదు. ఎత్తు మీదకు నెట్టబోతే ఇద్దరు మగాళ్ల వల్ల కాలేదు. ఆ ఎండలో ఇంకో బండి రాలేదు. చివరికి ఎల్లారావు తల్లిని భుజాన వేసుకుని కొండ దిగువకు పరుగు తీశాడు. ఊరి మొదటి ఇళ్లు కనిపిస్తుండగా ఆమె తల వాలిపోయింది.

"కాసేపటికి బండి లేసినాది బావా. ఒక్క సెల్ఫుకి లేసినాది. ఆ సప్పుడినీసరికి నాకు సావాలనిపించింది," అన్నాడు.

పోతమ్మను ఇసుకలో, కొబ్బరాకుల పందిరి కింద పడుకోబెట్టారట. తలుపు తెరిచే ఉందట. ఆమె మంచం లోపల కనిపిస్తూనే ఉందట. బావ ఆ మంచం గురించే మూడుసార్లు చెప్పాడు. అప్పట్నుంచి రోజూ యారాడ వెళ్లి వాళ్ల వాకిట్లో కూర్చుని వస్తున్నాడు. ఎల్లారావు తిట్టడు. తిడితే బాగుణ్నని ఇతనికి.

"ఒక్కటి సెప్పు బావా. నాను ఆ తాళం తిప్పకపోతే ముసల్ది ఇల్లు సేరేదా, నేదా?"

వానల్లో అతను వచ్చి అడిగినప్పుడు బోనెట్టెత్తి చూసి ఉంటే? అలాంటప్పుడు నాకు చేతనైంది అరవడం ఒక్కటే.

"బండి సూడకుండా నానేటి సెప్పగల్ను? నాను సూసినదాకా దీన్ని అమ్మేది నేదు, తగలెట్టేది నేదు. పో, ఇంటికెళ్లి తిను!"

అతను వెళ్లాడు గాని తినలేదు. ఆ సంగతి మర్నాడు మా చెల్లెలు వచ్చి చెప్పింది. ఒక చేత్తో పసుపు గిన్నె, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆ రోజు శుక్రవారం. కిందటి వేసవిలో దువ్వాడ దగ్గర ఒక లారీ బావ బండి మీదకు వచ్చి, వెంట్రుకవాసిలో తప్పింది. ఆనాడు మొక్కుకుంది, ప్రతి శుక్రవారం బండికి పసుపు పెడతానని. వానకి కారిపోకుండా ఆ పసుపులో ఆముదం కూడా కలుపుతుంది. మా గౌరి ఏ పనైనా అంతే, పట్టిందంటే వదలదు.

"ఆయన అన్నం ముందు కూకుంటన్నాడు గాని తినట్నేదన్నా. పిల్లలు పలకరిత్తే ఉలిక్కిపడతన్నాడు. మరి బండెక్కనంటన్నాడు. బండెక్కకపోతే ఆయనేటి సేత్తాడు? బండి తప్పో, ఆయన తప్పో నువ్వైనా తేల్సీ," అంది.

"తేలుస్తాను గాని, ఇంత జరిగినాక కూడా ఈ పూజలేటే?"

"బండి మీద కోపమేటి? అది ఆయన్ని ఆ లారీ కింద పడనిచ్చిందా?"

బోనెట్టుకి, దీపాలకి, నాలుగు చక్రాలకి, డిక్కీకి, పెట్రోలు మూతకి మూడేసి వేళ్లతో పసుపు అద్ది కుంకం పెట్టింది. స్టీరింగు దగ్గరికొచ్చేసరికి కళ్లు తుడుచుకుంది. నేను అక్కడే నిలబడి అంతా చూశాను. చూడటమంటే నా ఎదురుగా జరిగిందని అర్థం. నా బుర్రంతా ఇంజన్లో ఉంది.

ఇక దాని మీద పడ్డాను. ప్లగ్గులు విప్పి గీకాను. పాయింట్లు సరిచేశాను. వేడెక్కితే కరెంటు చచ్చిపోయే రోగం కాయిల్‌కి ఉంటుందని, కాయిల్ విప్పి సలసల మరిగే నీళ్లలో కాచి మరీ చూశాను, నిక్షేపంలా ఉంది. పంపు విప్పాను, లోపలి పొర కొత్తదానిలా ఉంది. కార్బరేటర్ కడిగాను. పైపులు ఊదాను. ఏ వస్తువును చూసినా నాకేమీ తెలీదు బాబూ అన్నట్టే ఉంది. షెడ్డులో ఎంతసేపు ఇంజను ఆడించి ఆపినా మళ్లీ లేస్తోంది. దిక్కుమాలిన బండి నా ముందు బుద్ధిమంతురాలి వేషం వేస్తోంది. రెంచి తీసి గోడకేసి కొట్టాను.

కొండెక్కితే గాని ఇది నిజం చెప్పదని అర్థమైంది. బావను రమ్మన్నాను. రానన్నాడు. ఇంటికి వెళ్లి, వీధిలో అందరూ వినేట్టు కేకలేశాను.

"నువ్వు నడపొద్దు, నా పక్కన కూకో చాలు! ఎక్కడాపినావో సూపించు! అదీ సెయ్యలేకపోతే ఇంకెందుకు ఏడుత్తన్నావు?"

వచ్చాడు. మిట్టమధ్యాహ్నం బయల్దేరాం, ఆ రోజు వాళ్లు వెళ్లిన వేళకే. పెద్దాసుపత్రి గేటు దాకా పోయి, అక్కడినుంచి తిప్పాను. ఎక్కడా ఆపలేదు. సింధియా దాటి కొండ మొదలయ్యేసరికి ఇంజను వేడి కాళ్లకు తగులుతోంది. బావ కిటికీ చట్రం గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చివరి మలుపు ముందు "ఇక్కడే" అన్నాడు. ఆ మాట నాకు సరిగ్గా వినపడను కూడా లేదు.

బండి ఆపి తాళం తిప్పేశాను. గాలి లేదు. దూరంగా ఓడరేవు బయట లంగరేసిన ఓడలు కనిపిస్తున్నాయి. కాసేపాగి సెల్ఫు కొట్టాను.

లేవలేదు.

ఆ గిరగిర వినగానే బావ తలుపు తీసుకుని దిగిపోయాడు. కొంతదూరం వెళ్లి, నాకు వీపు పెట్టి రాతిగట్టు మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని తెలుసు. వెళ్లి పట్టుకోవాలనిపించింది. కానీ రోగం చేతికి చిక్కిన సమయం అదొక్కటే.

బోనెట్టెత్తాను. ప్లగ్గు వైరు ఇంజను ఇనుముకి దగ్గరగా పెట్టి సెల్ఫు కొడితే నీలంగా కరెంటు ఎగిరింది. అయితే కరెంటుది కాదు తప్పు. కార్బరేటర్ దగ్గర పైపు విప్పి మళ్లీ కొట్టాను. పెట్రోలు రాలేదు. చుక్క కూడా రాలేదు. పంపు మీద నీళ్లు పోశాను. ఆవిరి లేచింది, పెట్రోలు మాత్రం రాలేదు. పంపు మంచిది. పైపు మంచిది. టాంకులో పెట్రోలుంది. మరి ఎవరు పట్టుకుని ఆపుతున్నట్టు?

అప్పుడు గుర్తొచ్చింది. దారిలో బావ ఒక మాటన్నాడు. "రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగినా, బంకు కాడ మాత్రం ఒక్కసారీ ఆగనేదు బావా. పెట్రోలు పోయించుకుంటే ఎంత ఏడి మీదైనా లేసీది." నేను వినీవిననట్టు ఊ కొట్టాను. బంకులో ఏం చేస్తారు? పెట్రోలు పోస్తారు. పోయడానికి ముందు ఏం చేస్తారు?

మూత తీస్తారు.

బండి వెనక్కి వెళ్లాను. మూత మీద పసుపు. అట్టలు కట్టి, వారం మీద వారం ఆముదంతో అద్దిన పసుపు, మధ్యలో కుంకం. ఆ మూతకి సూదిమొనంత బెజ్జం ఒకటి ఉంటుంది. టాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ బయటి గాలి ఆ బెజ్జంలోంచి లోపలికి పోవాలి. పోకపోతే టాంకు బిగబట్టేస్తుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు వదలదు. షెడ్డులో ఊరికే ఆడిస్తే పెట్రోలు అంతగా తగ్గదు గనకే రోగం అక్కడ బయటపడలేదు. నడుస్తున్నంతసేపు ఎలాగో ఈడ్చుకొస్తుంది. వేడి మీద ఆపితే కార్బరేటర్లో ఉన్న కాస్తా ఆవిరైపోతుంది, కొత్తది రాదు. మూత అంచుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి దూరాక బండి లేస్తుంది. అందరం వేడి దిగిందనుకున్నాం.

మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. ఆ చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది.

మా గౌరి వేళ్ల గీతలు ఆ పసుపులో స్పష్టంగా ఉన్నాయి. దాన్ని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగినవాణ్ని, ఆ వేళ్లు నాకు తెలియవా? మొగుడు క్షేమంగా ఇల్లు చేరాలని పెట్టుకున్న పసుపు. డిక్కీ పట్టుకుని నిలబడ్డాను. ఓరి దేవుడా, ఈ సంగతి ఎవరికి చెప్పను?

బావకు చెబితే అతని మీది బరువు దిగుతుంది. దిగి ఎక్కడికి పోతుంది? తిన్నగా గౌరి నెత్తిన పడుతుంది. అది తట్టుకోలేదు. దాని చేతి కూడు ఇతనూ తినలేడు. చెప్పకపోతే ఇతను ఈ కొండ మీదే మిగిలిపోయేలా ఉన్నాడు. జేబులో చాకు తీసి గబగబా పసుపు గీకేశాను. బెజ్జంలో సన్న తీగ పెట్టి పొడిచాను. మూత బిగించి, పైపు తగిలించి, సెల్ఫు కొట్టాను. ఉన్నపళాన లేచింది.

బావ ఉలిక్కిపడి లేచి పరిగెత్తుకొచ్చాడు. "ఏటది? ఏటైనాది? ఏడి మీద ఎలాగ లేసినాది?"

బోనెట్టు ఇంకా తెరిచే ఉంది. ఎందుకైనా మంచిదని జేబులో వేసుకొచ్చిన కండెన్సరు, ప్లగ్గులకు కరెంటు సరిగ్గా అందడానికి వేసే బొటనవేలంత ముక్క, చేతికి తగిలింది. బయటికి తీశాను.

"ఇదే బావా. కండెన్సరు. ఏడెక్కితే సచ్చిపోతన్నాది. కొత్తది ఏసినాను, లేసినాది. కిందటేడే నాను దీన్ని మార్సాలి. బాగానే ఉందిలే అనీసి వదిలీసినాను. నువ్వు అడిగినప్పుడల్లా నిన్ను తిట్టి పంపించినాను. తాళం నువ్వు తిప్పినా, తిప్పకపోయినా ఇది ఏదో మలుపులో సచ్చేదే. తప్పు నీది కాదు. నాది."

సగం అబద్ధం, సగం నిజం. ఆ సగం నిజం చెబుతున్నప్పుడు నేను అరవలేదు. దాంతో అతను మొత్తం నమ్మేశాడు.

నా మొహంలోకి చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే హాయిగా ఉండేది. "నువ్వా బావా?" అన్నాడు. మొహంలో బిగువు వదిలింది, దాని వెనకే కోపం వచ్చింది. "అయితే పద. ఈ మాట ఎల్లారావు ముందు సెప్పు."

స్టీరింగు అతనే పట్టుకున్నాడు. అన్నాళ్ల తరవాత మొదటిసారి. నేను పక్కన కూర్చుని, దిగుడు పొడుగునా ఆ కండెన్సరును గుప్పిట్లో నలిపాను.

ఎల్లారావు వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పందిరి పీకేసిన చోట ఇసుకలో గుంజల గుంటలు ఇంకా పూడలేదు. తలుపు తెరిచే ఉంది. బావ చెప్పిన మంచం కనిపించింది. నేను నిలబడే చెప్పాను, కొండ మీద చెప్పిందే మళ్లీ చెప్పాను. ఎల్లారావు వల పక్కన పెట్టి విన్నాడు.

"ఈ బాబు రోజూ ఒచ్చి కూకుంటన్నాడు," అన్నాడు బావను చూపించి. "నాను ఒక్కమాటన్నేదు. ఆడూ నాతో పాటు నెట్టినాడు, సేతులు కాల్సుకున్నాడు, ఆడినేటంటాను? అనడానికి మనిషి దొరక్క ఇన్నాళ్లు నాలోన్నానే కుళ్లిపోనాను. నిన్నంటాను. మాయమ్మ ఈ ఇంటికి మట్టి మోసి గోడెట్టినాది. ఆ గుమ్మానికి పసుపు రాయని పండగ నేదు. దాన్ని ఇసకలో పడుకోబెట్టీసినాను. నా సేతుల్తో పడుకోబెట్టీసినాను. నీ సిన్న ముక్క ఇనుము మార్సడానికి నీకు బద్ధకమైపోనాదా?"

ఎల్లారావు గుమ్మం వైపు వేలు చూపించాడు.

"మా గుమ్మం నువ్వెప్పుడూ తొక్కకు," అన్నాడు. మళ్లీ వల అందుకున్నాడు.

నేను చెయ్యని తప్పుకి తిట్లు తింటున్నానని ఒక్కక్షణం పౌరుషం పొడుచుకొచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఎంతవరకు చెయ్యలేదు? వానల్లో బోనెట్టెత్తితే? దీపావళికి కొండ దాకా ఒక్కసారి వెంట వస్తే? ఆ తిట్లలో నావి నాకున్నాయి. మిగతావి మా చెల్లెలి బదులు తిన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బావ నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి మాత్రం రెండు పళ్లేలు అన్నం తిన్నాడట.

శుక్రవారం వచ్చింది. బావ మళ్లీ ఇంజనీర్లను తిప్పుతున్నాడు. నామీద అలక కొంచెం దిగి, గాలి కొట్టించుకోవడానికి షెడ్డుకి వచ్చాడు, మా చెల్లెల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని. చిన్నపిల్లాడిలా కూనిరాగం కూడా తీస్తున్నాడు. నేను జేబులో సన్న తీగ ఒకటి వేసుకుని సిద్ధంగా ఉన్నాను. చెల్లెలు పసుపు పెట్టి వెళ్లగానే బెజ్జం పొడుద్దాం, వారం వారం పొడుద్దాం, నా ఊపిరున్నంతకాలం పొడుద్దాం అని ఆలోచన. నాకు అంతకంటే తెలివైన దారి తోచలేదు.

గౌరి గిన్నె పట్టుకుని దిగింది. బోనెట్టుకి పెట్టింది. దీపాలకి, చక్రాలకి పెట్టింది. డిక్కీకి పెట్టింది. మూత దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, ఆగిపోయింది. బండి మీద పాత పసుపు అన్నిచోట్లా ఉంది. మూత ఒక్కటే చాకు గీతలతో తళతళా మెరుస్తోంది.

నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"కడుగుతుంటే నిన్ననే సూసినాను," అంది, గొంతు బాగా తగ్గించి. "దీన్నొక్కదాన్నే ఎందుకు గీకీసినావన్నా? ఇక్కడేటున్నాది?"

"ఏటీ నేదు. మురికి పట్టీసింది."

"నీకు అబద్ధమాడ్డం సిన్నప్పట్నించీ రాదు. నిన్న ఆయన పెట్రోలు పోయిస్తుంటే మూత నా సేతికిచ్చినాడు. దానికి బెజ్జమున్నాది. సూసి రాత్రంతా ఆలోసించినాను, నా పసుపే దాన్ని మూసీసినాదేటా అని. మా లారీ మొక్కు కిందటేసవిది. బండి ఆగడం కూడా కిందటేసవి నుంచే." పసుపు గిన్నె నా చేతిలో పెట్టింది. "నాదేనా అన్నా?"

దాని మొహంలో రక్తం లేదు. పడిపోతుందేమోనని మోచెయ్యి పట్టుకున్నాను.

"నిన్ను గుమ్మం తొక్కొద్దన్నాడంటకదా ఆ బాబు. నా బదులు నిన్నన్నాడు," అంది. "ఆయనకి సెప్పకన్నా. సెప్పితే మళ్లీ బండి దిగిపోతాడు, నా మొహం సూడలేడు. నీకింకో తప్పు సేత్తన్నాను, తెలుసు. అయినా సెప్పకు."

"సెప్పను."

అప్పుడే ముందు సీట్లోంచి బావ అద్దంలో చూసి కేకేశాడు, నవ్వుతూ. "ఏటే గౌరీ, అన్నాచెల్లెల్లు గుసగుసలు? మూతకి పెట్టనేదేటి? దానికీ పెట్టు, మళ్లీ ఎక్కడైనా ఆగిపోతాది!"

గౌరి కదల్లేదు. ఆ చెయ్యి ఇక మూత దగ్గరికి పోదని నాకు తెలిసిపోయింది. నేను గిన్నెలో వేలు ముంచి, బెజ్జానికి దూరంగా, మూత అంచున చిన్న చుక్క పెట్టాను.

"పెట్టీసినాం బావా. పద, పద, నీ ఇంజనీరు ఎదురుసూత్తంటాడు."

బావ ఇంజను ఆపే ఉంచాడు, నిర్భయంగా. తాళం తిప్పగానే లేచింది. గౌరి తరవాత వస్తానంది. అతను చెయ్యి ఊపి, హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కోమని నీళ్ల తొట్టి చూపించాను. కడుక్కోలేదు. ఆ పసుపు వేళ్లను ఒంటికి తగలనివ్వకుండా దూరంగా పట్టుకుని, బండి పోయిన వైపే చూస్తూ నిలబడింది.

"యారాడ నడిసెళ్తే పొద్దు గూకేలోగా తిరిగొచ్చీగలమా అన్నా?" అని అడిగింది.

"ఎల్లి ఏటి సెప్తావే?"

"నిన్నన్నదంతా నన్ననమంటాను. ఆయనకి మాత్రం సెప్పొద్దని కాళ్లట్టుకుంటాను."

వద్దని ఒక కేక వెయ్యబోయాను. దాని మొహం చూసి మానేశాను. షెడ్డుకి తాళం వేసి, చెప్పులు తొడుక్కుని, దానికంటే ముందు నేనే రోడ్డెక్కాను. గుమ్మం బయట నిలబడటానికి నాకు ఎవరూ అడ్డు చెప్పలేదు కదా.